ముత్యం చిన్నది… ఓడ పెద్దది!

దోహాలో ఉండే మనవాళ్లకి శుక్రవారం గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఆలస్యంగా లేవడం, తీరిగ్గా పెసరట్టు, మధ్యాహ్నం భుక్తాయాసం, సాయంత్రం పిల్లల్ని కారులో వేసుకుని సూపర్ మార్కెట్టు. నా శుక్రవారాలన్నీ దాదాపు ఇలాగే గడిచిపోయాయి. అయితే 2023 డిసెంబరులో ఒక శుక్రవారం మాత్రం తెల్లవారుజామున ఆరింటికే కారు తీశాను. పక్క సీట్లో మా మేనల్లుడు. వాడి జేబులో రెండు ఉద్యోగాల ఉత్తరాలు. నా నెత్తిమీద మా అక్కయ్య పెట్టిన బాధ్యత!

సంగతేమిటంటే, మావాడు హైదరాబాదులో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు. వయసు ఇరవయ్యారు. ఒక ఉత్తరం గచ్చిబౌలిలో అద్దాల మేడల్లో ఉండే బహుళజాతి కంపెనీది. ప్రపంచమంతా కలిపి వేలమంది ఉద్యోగులు. రెండోది నాచారంలో అద్దె షెడ్డులో నడిచే పదకొండు మంది కంపెనీది. గ్యాసు లీకైతే ముందే పసిగట్టే చిన్న పరికరం తయారుచేస్తున్నారట. జీతం మొదటిదానిలో మూడో వంతు తక్కువ. మావాడి మనసేమో షెడ్డు వైపు లాగుతోంది.

"తమ్ముడూ, వారం రోజులు నీ దగ్గరుంటాడు. నువ్వు చెబితే వింటాడు. ఆ చిన్న కంపెనీ వద్దని చెప్పు. నీ కథ నీకు గుర్తుందిగా!" అంది అక్కయ్య ఫోనులో.

గుర్తు లేకపోవడమేం! నేను 2006లో ఈ దేశంలో దిగింది ఒక చిన్న కంపెనీలోకే. ఏసీ డక్టులు చేసే షాపు, మొత్తం పద్నాలుగు మందిమి. 2009లో పెద్ద కాంట్రాక్టరు నుంచి రావలసిన డబ్బు రాలేదని మా యజమాని నాలుగు నెలలు జీతాలాపి, చివరికి తాళం వేశాడు. వేరే చోట చేరదామంటే ఎన్‌ఓసీ కావాలి. అది ఇచ్చే నాథుడు లేడు. ఇంటికి పోయి, రెండేళ్లు ఆగి, 2011లో మళ్లీ వచ్చి పెద్ద కంపెనీలో కుదురుకున్నాను. ఆ రెండేళ్లూ మా ఇంటికి బియ్యం బస్తాలు పంపింది అక్కయ్యే. కాబట్టి ఆవిడ భయాన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు నాకు లేదు.

"సరే, ఉపన్యాసం ఇవ్వను గానీ ఊరు చూపిస్తాను పద" అన్నాను మావాడితో. అలా మొదలైంది మా ప్రయాణం.

కోర్నిష్ ఒడ్డున ముత్యపు చిప్ప

మొదటి మజిలీ కోర్నిష్. తెరుచుకున్న ఆల్చిప్ప, మధ్యలో తెల్లటి ముత్యం ఉన్న ఆ ఫౌంటెన్ దగ్గర మనమందరం ఎప్పుడో ఒకప్పుడు ఫొటో దిగినవాళ్లమే. కానీ అది ఎందుకుందో ఆలోచించినవాళ్లం తక్కువ.

చమురు రాకముందు ఈ తీరం బతికింది ముత్యాల మీద. ఎండాకాలమంతా పడవలు సముద్రంలోనే ఉండేవి. పడవకి నఖుదా అనే నాయకుడు, మునిగే గజ ఈతగాళ్లు, వాళ్లని తాడుతో పైకి లాగేవాళ్లు. ముక్కుకి క్లిప్పు, కాలికి రాయి కట్టుకుని, ఒక్క ఊపిరి మీద అడుగుకి దిగి చిప్పలు ఏరేవారు. మన హైదరాబాదు పత్తర్‌గట్టీ దుకాణాల్లో బస్రా ముత్యాలని గొప్పగా చెప్పుకున్నవి ఈ గల్ఫ్ సముద్రపు ముత్యాలే.

"అయితే ఒక్కొక్క పడవా ఒక చిన్న కంపెనీ అన్నమాట" అన్నాడు మావాడు.

నిజమే. వేల చిన్న కంపెనీలు! మరి అన్ని తరాలలో కొత్త పద్ధతి ఒక్కటైనా ఎందుకు పుట్టలేదు? ఎందుకంటే ఆ పడవ మీద ప్రతివాడూ అప్పులో ఉన్నవాడే. ఈతగాడు నఖుదాకి బాకీ, నఖుదా వ్యాపారికి బాకీ. ఒక సీజను పోతే అప్పు పక్క సీజనుకి, ఒక్కోసారి కొడుకు నెత్తి మీదికి. అలాంటివాడు "ఈసారి వేరేలా చేసి చూద్దాం" అని ఎలా అనగలడు?

ఆ పని చేసినవాడు జపాన్‌లో తోబా అనే ఊళ్లో నూడుల్స్ దుకాణం నడిపేవాళ్ల అబ్బాయి, మికిమోటో కోకిచి. ఆల్చిప్పలో చేత్తో చిన్న గింజ పెట్టి ముత్యం పండించొచ్చని 1893లో చేసి చూపించాడు. అప్పటికి పండింది సగం గుండ్రటి ముత్యమే. నిండు ముత్యం రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. 1930ల నాటికి ఆ పెంపుడు ముత్యాలు ప్రపంచ మార్కెట్టుని నింపేశాయి. సరిగ్గా అప్పుడే ఆర్థికమాంద్యం. రెండూ కలిసి గల్ఫ్ ముత్యాన్ని ముంచేశాయి. దుఖాన్‌లో చమురు బయటపడినా, రెండో ప్రపంచయుద్ధం అడ్డొచ్చి, మొదటి ఓడ బయలుదేరేసరికి 1949 చివరికొచ్చింది. మధ్యలో ఆ పది పదిహేనేళ్లూ ఇక్కడివాళ్లు ఆకలి చూశారు.

"పిట్ట కొంచెం కూత ఘనం అంటారు. కానీ రెక్కలు కట్టేసిన పిట్ట ఎగరలేదురా" అన్నాను. మావాడు ముత్యం వైపే చూస్తూ ఉండిపోయాడు.

రాస్ లఫ్ఫాన్ గేటు దాకా

కరక్ చాయ్ రెండు కప్పులు పట్టుకుని షమాల్ రోడ్డెక్కాం. అల్ ఖోర్ దాటి ఉత్తరానికి పోతే, దోహాకి దాదాపు ఎనభై కిలోమీటర్లలో రాస్ లఫ్ఫాన్. పాసు లేనిదే లోపలికి పోనివ్వరు కాబట్టి దూరాన్నుంచే చూపించాను. ఎడారి అంచున గొట్టాలు, స్తంభాలు, మంట చిమ్మే ఫ్లేర్లు.

ఖతార్ వైశాల్యం సుమారు 11,500 చదరపు కిలోమీటర్లు. మన పాత అనంతపురం జిల్లాలో మూడింట రెండొంతులైనా లేదు. ఈ చిన్న దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1971లోనే, చమురు కోసం సముద్రంలో వెదుకుతున్న షెల్ కంపెనీకి నార్త్ ఫీల్డ్ దొరికింది. చమురు కాదు, గ్యాసు. అప్పట్లో అది శుభవార్త కూడా కాదు! గ్యాసుని ఎవరికమ్మాలి? గొట్టం వేసి పంపడానికి పక్కన కొనేవాడు లేడు. దూరదేశం పంపాలంటే మైనస్ 162 డిగ్రీలకి చల్లబరచి ద్రవంగా మార్చాలి. అలా మారిస్తే పరిమాణం ఆరువందల రెట్లు తగ్గుతుంది. ఆ చల్లబరిచే యంత్రాలకి, నిలవచేసే ట్యాంకులకి, మోసే ఓడలకి అయ్యే ఖర్చు మాత్రం కొండంత.

ఇక్కడే నేను మావాడికి చెప్పదలుచుకున్న మొదటి మాట ఉంది. వంటింట్లో కొత్త పచ్చడి చేసి చూడాలంటే నాలుగు మామిడికాయలు చాలు. పాడైతే పారబోస్తాం. కానీ ఎల్‌ఎన్‌జీ "ఒక చెంచాడు చేసి చూద్దాం" అంటే కుదరదు. కనీసపు ప్రయత్నమే వందల కోట్ల డాలర్లు. అందుకే 1984లో పెట్టిన ఖతార్ గ్యాస్ కంపెనీలో ప్రభుత్వంతో పాటు విదేశీ చమురు సంస్థలు, జపాన్ వ్యాపార సంస్థలు భాగస్వాములయ్యాయి. అయినా తొలి ఓడ కదలడానికి 1996 డిసెంబరు దాకా పట్టింది. అంటే గ్యాసు దొరికిన పాతికేళ్లకి!

ఆ ఓడ పేరు అల్ జుబారా. ఇక్కడి పాత ముత్యాల పట్నం పేరది. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ సరుకు కొన్నది జపాన్‌లోని చుబు ఎలక్ట్రిక్. ఆ కంపెనీ కరెంటిచ్చే ప్రాంతంలోనే మికిమోటో ఊరు తోబా కూడా ఉంది. ముత్యం పోగొట్టుకున్న తీరం, అరవై ఏళ్ల తరవాత, ముత్యం పండించిన తీరానికి దీపం పెట్టిందన్నమాట. కాలం ఎంత చమత్కారి!

ఆ తరవాత పెద్దతనమే కొత్తదనమైంది. మామూలు గ్యాసు ఓడ లక్షన్నర ఘనపు మీటర్లలోపు మోసే రోజుల్లో, 2,66,000 ఘనపు మీటర్లు మోసే క్యూ-మ్యాక్స్ ఓడలు కట్టించారు. పొడవు 345 మీటర్లు. దారిలో ఆవిరయ్యే గ్యాసుని ఓడలోనే మళ్లీ ద్రవంగా మార్చే ఏర్పాటు కూడా పెట్టారు. 'మోజా' అనే మొదటి ఓడ 2008లో వచ్చింది. 2010 చివరికి ఏడాదికి 7.7 కోట్ల టన్నుల సామర్థ్యానికి చేరారు. మన గుజరాత్ దహేజ్ రేవుకి 2004 నుంచి గ్యాసు వచ్చింది ఇక్కడినుంచే. చిన్న కంపెనీలు ఎంతమంది మేధావులతో నిండి ఉన్నా ఈ పని వాటి వల్ల కాదు. ఈ వ్యాపారంలో ఏనుగే నడవాలి.

"అయితే అమ్మ చెప్పిందే రైటా మావయ్యా?" అన్నాడు నీరసంగా.

"తొందరపడకు. ఇంకా సగం రోజుంది" అన్నాను.

ఏనుగులోని పిల్ల ఏనుగు

తిరుగుదారిలో బలద్నా పాడిక్షేత్రం దగ్గర ఆగి పెరుగు, ఐస్‌క్రీము కొన్నాం. 2017 జూన్ 5 మనలో ఎవరం మరిచిపోతాం? సౌదీ సరిహద్దు మూతపడింది. అంతవరకూ పాలూ పెరుగూ ఎక్కువగా ఆ రోడ్డు మీదే లారీల్లో వచ్చేవి. సూపర్ మార్కెట్లలో పాల అరలు ఖాళీ. మా ఆవిడ ఆ రోజు నాలుగు డబ్బాల పాలపొడి కొనుక్కొచ్చి మంచం కింద దాచింది!

జూలైలోనే ఆవులు విమానమెక్కి వచ్చాయి. తొలి విడతలో 165. ఎడారిలో చల్లటి షెడ్లు వేసి, తుంపర్లు చల్లుతూ పాలు పిండారు. రెండేళ్లలో దేశానికి కావలసిన తాజా పాలు ఇక్కడే దొరకసాగాయి. 2019 డిసెంబరుకి ఆ కంపెనీ స్టాక్ ఎక్స్చేంజీలో కూడా నమోదైంది.

ఇది చిన్నవాడి గెలుపా, పెద్దవాడి గెలుపా? రెండూ కాదనిపిస్తుంది. కంపెనీ పెట్టి అప్పటికి మూడేళ్లే, అంటే పసిది. వెనకున్న వ్యాపార సంస్థ మాత్రం పెద్దది. పసితనంలో ఉండే తెగింపూ, పెద్ద చెట్టు నీడా రెండూ కలిశాయి.

ఇక్కడ మావాడు తను చదివింది చెప్పుకొచ్చాడు. ఈ విషయం మీద పండితులు వందేళ్లుగా వాదులాడుకుంటున్నారట. షుంపీటర్ అనే ఆస్ట్రియా ఆర్థికవేత్త 1911లో కొత్తగా వచ్చినవాడే కొత్తదనం తెస్తాడన్నాడు. అదే మనిషి 1942కి వచ్చేసరికి, పరిశోధనశాలలున్న పెద్ద సంస్థలే ప్రగతికి ఇంజన్లన్నాడు. 1979లో డేవిడ్ బర్చ్ అమెరికా లెక్కలు తీసి, కొత్త ఉద్యోగాల్లో ఎక్కువ భాగం చిన్న కంపెనీలవే అన్నాడు. 1987లో ఆక్స్, ఆడ్రెచ్ అనే ఇద్దరు పరిశ్రమల్ని విడివిడిగా చూశారు. భారీ పెట్టుబడి కావలసిన చోట పెద్దవాటిదీ, చేతినేర్పు, చదువు ఎక్కువ కావలసిన చోట చిన్నవాటిదీ పైచేయి అని తేలింది. చివరికి 2013లో హాల్టివాంగర్ బృందం అసలు కిటుకు పట్టుకుంది. పెరిగేది చిన్న కంపెనీ కాదు, వయసులో చిన్న కంపెనీ! వయసు తేడా పక్కనపెడితే, సైజుకీ పెరుగుదలకీ పొంతనే లేదట. ఇరవై ఏళ్లుగా చిన్నదిగా ఉన్న కొట్టు సాధారణంగా ఇరవై ఒకటో ఏడూ అలాగే ఉంటుంది. అదేం తప్పు కాదు, అదో బతుకుతెరువు.

"మరి మన తెలుగువాళ్లలో ఉదాహరణ చెప్పు మావయ్యా" అన్నాడు.

శాంతా బయోటెక్నిక్స్ గుర్తొచ్చింది. నెల్లూరు జిల్లా మనిషి వరప్రసాదరెడ్డి గారు చదివింది ఎలక్ట్రానిక్స్. హెపటైటిస్-బి టీకా మన పేదవాళ్లకి అందని ధరలో ఉందని 1993లో హైదరాబాదులో కంపెనీ పెట్టారు. డబ్బెక్కడిది? మన గల్ఫ్ వాళ్లు గర్వపడే ముక్క ఇదే. ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టారు. 1997లో షాన్‌వాక్-బి వచ్చింది. జన్యు పరిజ్ఞానంతో మన దేశంలో తయారైన మొదటి టీకా అది. టీకా ధర ఎన్నో రెట్లు దిగివచ్చింది. 2009లో ఫ్రాన్సు దిగ్గజం సనోఫీ ఆ కంపెనీని కొనేసింది. పుట్టించింది చిన్నది, చివరికి చేరింది పెద్దదాని ఒడికి. మధ్యలో ఆ నాలుగేళ్లు ఓపిక పట్టిన పెట్టుబడి లేకపోతే చిన్నదీ లేదు, పెద్దదీ లేదు.

సనయ్యా సందుల్లో

జుమ్మా నమాజు అయ్యాక ఇండస్ట్రియల్ ఏరియాకి వెళ్లాం. మనమంతా సనయ్యా అనే చోటు. అంకెలే పేర్లుగా ఉన్న వీధులు, గ్రీజు వాసన, వెల్డింగు మెరుపులు. నిజామాబాద్ జిల్లా మిత్రుడొకాయనకి అక్కడ మెషిన్ షాపుంది. లేత్ పనివాడిగా వచ్చి, భాగస్వామి అయ్యాడు. మొత్తం తొమ్మిది మంది.

"ఏం సార్, పెద్ద కంపెనీల చేస్తున్నరని మాదిక్కు వస్తనే లేరు!" అని నవ్వుతూ ఎదురొచ్చాడు. చాయ్ తెప్పించి, 2017 కథ చెప్పాడు. సరిహద్దు మూసినప్పుడు ఒక సైటులో పంపు ఆగిపోయింది. స్పేరు పార్టు జెబెల్ అలీ రేవులో ఇరుక్కుంది. "రెండు దినాలు లేత్ మీదనే ఉన్న. మొదటి ముక్క ఖరాబైంది. రెండోది గూడ ఖరాబే. మూడోది కూసుంది. పోయిందేంది సార్? రెండు ఇత్తడి ముక్కలు!"

నా ఛాతీలో ఏదో కదిలింది. ఎందుకంటే, 2014లో నేనూ ఒక చిన్న ఆలోచన చేశాను. ఎత్తున ఉన్న వాల్వుల చక్రాల్ని, జూలై ఎండలో నిచ్చెన ఎక్కకుండా, కింద నుంచే తిప్పే పొడుగు కాడ పనిముట్టు. బొమ్మ గీసి మా ఆఫీసులో ఇచ్చాను. ఏడు సంతకాలు కావాలన్నారు. నాలుగు దాకా వెళ్లింది. అయిదో కుర్చీలో మనిషి మారాడు. అంతే, ఫైలు నిద్రపోయింది. నేను పొరపాటుగా మాట్లాడకూడదు. గ్యాసు దగ్గర పనిచేసేచోట ఆ ఏడు సంతకాల వల్లే మేమంతా సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరుతున్నాం. ఇత్తడి ముక్క ఖరాబైతే ఇంకోటి చేసుకోవచ్చు, మనిషిని చేయలేం. కానీ ప్రతి చిన్న పనిముట్టుకీ అవే ఏడు సంతకాలంటే, మనిషి గీయడమే మానేస్తాడు. నేను మానేశాను.

మా మిత్రుణ్ణి ఒక్కటే అడిగాను. "నీ కుర్రాళ్లు వేరేచోటికి పోతే?" అని.

"పోతరు. 2020 సంది ఎన్‌ఓసీ లేదు గద. ఇద్దరు పోయిండ్రు, ఒకడు మళ్ల వచ్చిండు. పోనియ్యకుంటే పని నేర్వరు సార్, దినాలు లెక్కవెడ్తరు."

నేను 2009లో పోగొట్టుకున్నదేమిటో ఆ మాటతో అర్థమైంది. మా షాపు చిన్నదవడం కాదు నా కర్మ. అది మూతపడ్డాక ఇంకో తలుపు తట్టే వీలు లేకపోవడం. ముత్యాల పడవ మీది ఈతగాడికీ నాకూ తేడా లేకపోయింది.

మూడు ప్రశ్నలు

చీకటి పడ్డాక సూక్ వాకిఫ్‌లో కూర్చున్నాం. "ఇప్పుడు చెప్పు మావయ్యా, పెద్దదా చిన్నదా?" అన్నాడు.

"అది కాదురా ప్రశ్న. నాచారం ఆయన్ని మూడు అడుగు. ఒకటి, మీ పరికరం ఒకసారి చేసి చూడ్డానికి ఎంతవుతుంది, అలా ఎన్నిసార్లు ఓడిపోవడానికి మీ దగ్గర డబ్బుంది? రెండు, అది అచ్చమైన ప్లాంటులో పరీక్షించడానికి ఏ పెద్ద కంపెనీ తలుపు తీస్తానంది? మూడు, రేపు మూసేస్తే జీతం బాకీలు ఎవరిస్తారు, నన్ను ఏ కాగితమైనా కట్టేస్తుందా? ఈ మూడింటికీ సూటిగా జవాబిస్తే చేరు. నీళ్లు నమిలితే గచ్చిబౌలికి పో. అక్కడా అడగాల్సింది ఉంది. ఒక చిన్న ప్రయోగానికి ఎన్ని సంతకాలు కావాలి అని."

వారం తిరిగేసరికి హైదరాబాదు నుంచి ఫోను. ఆరు నెలల జీతాలు వేరే ఖాతాలో ఉన్నాయని ఆయన కాగితం చూపించాడట. ఒక ఎరువుల కర్మాగారం పరీక్షకి ఒప్పుకుందట. బాండు లేదట. మావాడు షెడ్డులోనే చేరాడు.

మా అక్కయ్య నాతో నెల రోజులు మాట్లాడలేదు. తరవాత ఫోను చేసి, "ఈసారి బియ్యం నువ్వు పంపుదువుగాని" అంది. పంపుతానన్నాను. ఆ మాట ఉత్తుత్తిగా అన్నది కాదని ఆవిడకీ తెలుసు. నావంతు రెండేళ్లు ఆవిడ మోసింది. మావాడికి అవసరమైతే ఆ రెండేళ్లు నేను మోస్తాను. ఆలోచిస్తే, ఏ చిన్న కంపెనీ వెనకైనా ఇలాంటి ఒక ఇల్లు ఉండే ఉంటుంది.

అన్నట్టు, పాఠక మిత్రులారా, ఇంకో ముక్క. ఆ మరుసటి శుక్రవారం నా పాత బొమ్మ వెదికి తీసి సనయ్యాకి పట్టుకెళ్లాను. మా మిత్రుడు అటూ ఇటూ తిప్పి చూసి, "వచ్చే వారం రాండ్రి సార్" అన్నాడు. మొదటి కాడ వంగిపోయింది. రెండోది వర్క్‌షాపు బల్ల మీద బిగించిన పాత వాల్వుని బాగానే తిప్పింది. ఇప్పుడు దాన్ని పట్టుకుని మళ్లీ ఆ ఏడు సంతకాల కోసం తిరుగుతున్నాను. ఈసారి చేతిలో కాగితం కాదు, వస్తువుంది. మూడు అయ్యాయి. ఇంకా నాలుగున్నాయి!